పెరటి కంచె దగ్గర లేడిపిల్ల

"లేడికి లేచిందే పరుగు" అని మన పెద్దలన్నారు. ముందువెనుకలు చూడకుండా పనికి పూనుకొనే వానిని గూర్చి ఈ సామెతను వాడుతూ ఉంటాము. సామెత చెప్పిన పెద్దలు లేడిని బాగానే చూచారు. కాని లేడి జీవితంలో పరుగుకంటె ముందు మరొక దశ ఉన్నది. అది కదలకుండా పడి ఉండే దశ. పుట్టిన తరువాత మొదటి కొన్ని దినాలు లేడిపిల్ల ప్రాణాన్ని కాపాడేది ఆ నిశ్చలత్వమే. ఈ చిన్న సంగతి తెలియక మంచి మనసున్నవారు కూడా తల్లీబిడ్డలను విడదీస్తున్నారు. ఆ పొరపాటు నా కన్నుల ముందే, మా బంధువుల పెరట్లోనే జరిగింది. దానిని గూర్చి, దాని వెనుకనున్న ప్రకృతి ధర్మాన్ని గూర్చి నాలుగు మాటలు వ్రాయడమే ఈ వ్యాసం ఉద్దేశం.

నేను భాషాసాహిత్యాలు చెప్పేవాడను. జంతుశాస్త్రం నా విషయం కాదు. అయినా ఈ ప్రయత్నానికి కారణం మన కళాశాల తరగతి గదిలోనే పుట్టింది. ఒకనాడు పద్యపాఠంలో "హరిణేక్షణ" అనే మాటకు అర్థం చెబుతున్నాను. లేడి కన్నుల వంటి కన్నులు గలది అని చెప్పి, ఉర్దూ మాధ్యమం నుండి వచ్చిన పిల్లలకు సులువుగా ఉండునని, పారసీకంలో దీనినే "ఆహూ చశ్మ్" అంటారనీ, "ఆహూ" అంటే లేడి అనీ వివరించాను. అరబ్బులు లేడిని "గజాల్" అంటారు. ఇంగ్లీషువారి "గజెల్" అక్కడినుండి వచ్చినదే. తరగతి సంతోషించింది. అప్పుడు వెనుక వరుసలోని ఒక విద్యార్థి లేచి, "సార్, జింక, లేడి, దుప్పి – ఇవన్నీ ఒకటేనా, వేరా?" అని అడిగాడు. నాకు జవాబు తెలియదు. నాలుగు భాషల్లో దాని పేరు చెప్పగలిగిన నేను ఆ ప్రాణిని ఒక్కసారి కూడా నిలిచి చూడలేదు. ఆ సిగ్గే నా చేత ఈ వ్యాసాన్ని వ్రాయిస్తున్నది.

కొమ్ములు రాలేవి, రాలనివి

మొదట ఆ విద్యార్థి ప్రశ్నకు సమాధానం చెప్పుకొందాము. మనం వాడుకలో జింకలనే జంతువులు శాస్త్రం ప్రకారం రెండు వేర్వేరు కుటుంబాలకు చెందినవి. ఒక కుటుంబంలో మగవాటికి చెట్టుకొమ్మలవలె శాఖలు వేసే కొమ్ములు ఉంటాయి. అవి ఎముకతో ఏర్పడినవి. కొంతకాలానికి రాలిపోయి మరల మొలుస్తాయి. చుక్కల దుప్పి, కణితి ఈ కుటుంబంలోనివి. రెండవ కుటుంబం ఆవు, మేకల కుటుంబం. వీటి కొమ్ములకు లోపల ఎముక, పైన మన గోటివంటి పదార్థంతో గట్టి తొడుగు ఉంటాయి. అవి శాఖలు వేయవు, రాలవు. ఒకసారి విరిగితే మరల రావు. కృష్ణజింక, మనుబోతు ఈ కోవకు చెందినవి. "లేడి", "ఇర్రి" అనే మాటలు మన పల్లెల్లో ఎక్కువగా కృష్ణజింకకే చెల్లుతాయి. కవులు మాత్రం ఈ భేదాలను పాటించక అన్నింటినీ కలిపి మృగమన్నారు, హరిణమన్నారు, కురంగమన్నారు.

మన రెండు తెలుగు రాష్ట్రాలూ ఈ రెండు కుటుంబాలను పంచుకొన్నట్లున్నవి. కృష్ణజింక ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు రాష్ట్ర జంతువుగా ఉండేది. 2018లో కొత్త చిహ్నాలను ప్రకటించినప్పుడు కూడా ఆంధ్రప్రదేశ్ దానినే నిలుపుకొన్నది. తెలంగాణ 2014లో చుక్కల జింకను తన రాష్ట్ర జంతువుగా ప్రకటించింది. హైదరాబాదు విద్యార్థులు కృష్ణజింకను చూడదలిస్తే దూరం పోనక్కరలేదు. వనస్థలిపురం దగ్గర మహావీర్ హరిణ వనస్థలి ఉన్నది. ఒకప్పుడు నిజాం ప్రభువుల వేటస్థలమైన ఆ నేలను వర్ధమాన మహావీరుని 2500వ నిర్వాణ సంవత్సర స్మృతిగా 1975లో జింకల సంరక్షణకు కేటాయించారు. దాని వైశాల్యం 3758 ఎకరాలు. 1994లో అది జాతీయ ఉద్యానమైంది. వేటస్థలం అహింసామూర్తి పేరిట శరణస్థలంగా మారడం చరిత్రలోని ఒక చక్కని మలుపు.

మా మామూ పెరడు

నేను లేళ్ళను చూచినది వనస్థలిలో కాదు. మక్తల్‌కు అవతల, కృష్ణానదికి దగ్గరగా ఉన్న ఒక పల్లెలో మా మేనమామ ఉన్నారు. మేము ఆయనను మామూ అని పిలుస్తాము. ఆయన ఇల్లు ఊరి చివరిది. ఇంటి వెనుక పెరడు, పెరట్లో రెండు వేపచెట్లు, ఒక చేదబావి, పశువుల కొట్టం, పేడదిబ్బ. దాని తరువాత తుమ్మకంప నరికి వేసిన కంచె. కంచె దాటితే కనుచూపుమేర నల్లరేగడి చేలు. నారాయణపేట జిల్లాలో కృష్ణ ఒడ్డున గల ఈ ప్రాంతమంతా కృష్ణజింకలకు ఆటపట్టు. మార్చి మాసంలో ఒక శుభకార్యానికి వెళ్ళి అక్కడ వారం దినాలు ఉన్నాను. జొన్న కోతలు ముగిసి, చేలలో మోకాలెత్తు కొయ్యకాళ్ళు మాత్రం మిగిలి ఉన్నాయి.

ఫజర్ నమాజు ముగించుకొని బావిగట్టు మీద కూర్చుంటే తూర్పున వెలుగు రేకలు విచ్చుకొనేసరికి మంద కనిపించేది. ఒకనాడు పదునాలుగు, ఒకనాడు ఇరవైకి పైగా లెక్కపెట్టాను. ఆడవి, పిల్లలు లేత గోధుమ వన్నెలో ఉంటాయి. ఎండిన కొయ్యకాళ్ళ మధ్య నిలబడితే కదిలినప్పుడు తప్ప గుర్తుపట్టలేము. మగది మాత్రం దూరానికే తెలుస్తుంది. దాని వీపు, పక్కలు నలుపు. పొట్ట, గడ్డము, కంటి చుట్టూ తెలుపు. కొమ్ములు మర త్రిప్పినట్లు మెలికలు తిరిగి ఉంటాయి. పుట్టుకతో అది నల్లనిది కాదు. చిన్ననాడు తల్లి రంగులోనే ఉండి, యౌవనం వచ్చిన కొలదీ నల్లబడుతుంది. ఆడవాటికి సాధారణంగా కొమ్ములు ఉండవు.

ఆ మగది ఒక చోట నుండి కదలక, మెడ వెనుకకు వంచి, కొమ్ములను వీపున ఆనించి, నెమ్మదిగా అడుగులు వేసేది. తన హద్దులో ఒకే చోట పెంటిక వేసి గుర్తు పెట్టుకొనేది. కంటి క్రింద ఉన్న గ్రంథి నుండి వచ్చే వాసనను గడ్డిపరకలకు పూసేది. "ఈ నేల నాది" అని ఇతర మగవాటికి చెప్పే భాష అది. ఏ కుక్కయో దూరాన కనబడినప్పుడు మందలో ఒక్కొక్కటి నిట్టనిలువుగా గాలిలోకి ఎగిరి, ఆ తరువాత పరుగు అందుకొనేవి. కృష్ణజింక గంటకు 80 కిలోమీటర్ల వరకు వేగాన్ని అందుకొనగలదని అంటారు. ఆ నల్లనేల మీద ఆ పరుగును చూచినవారికి నమ్మడం కష్టం కాదు.

ఒంటరి తల్లి

మూడవనాటి ఉదయం ఒక ఆడలేడి మందకు దూరంగా, మా కంచెకు నూరు గజాలలో మేస్తూ కనిపించింది. నాలుగు పరకలు కొరకడం, తల ఎత్తి చూడడం, చెవులు త్రిప్పడం, మరల తల వంచడం – ఇదే వరుస. మామూను అడిగితే, "దాని పిల్ల ఇక్కడెక్కడో ఉంటుంది. కాని అది ఉన్న చోట నిలబడదు. మనల్ని తప్పుదారి పట్టిస్తుంది" అన్నారు. ఆయన ఏ గ్రంథమూ చదువలేదు. కాని ఆ మాటలో గ్రంథాలు చెప్పే సంగతి అంతా ఉన్నది.

కృష్ణజింక సుమారు ఆరు మాసాలు గర్భం మోసి, ఒక్క పిల్లను మాత్రమే కంటుంది. పిల్ల పుట్టిన కొద్దిసేపటికే నిలబడుతుంది. అయినా తోడేలునో, కుక్కనో తప్పించుకొనే పరుగు దానికి ఇంకా రాదు. కనుక ప్రకృతి దానికి మరొక ఉపాయం నేర్పింది. తల్లి వెళ్ళగానే పిల్ల గడ్డిలోనో, కొయ్యకాళ్ళలోనో మెడ చాపి నేలకు అంటుకొని పడుకొంటుంది. తల్లి దానిని నాకి శుభ్రం చేస్తుంది; పిల్ల మలమూత్రాలను కూడా నాకివేస్తుంది. అందువలన పిల్ల ఉన్న చోట మృగాలకు పట్టిచ్చే వాసన మిగలదు. వాసన గల తల్లి దగ్గర నిలబడితే పిల్లకు ఆపద కనుక, తల్లి దూరంగానే మేస్తుంది. రోజుకు కొద్దిసార్లు మాత్రమే వచ్చి, పాలిచ్చి, మరల వెళ్ళిపోతుంది. సుమారు రెండు వారాలు ఇట్లా గడచిన తరువాత పిల్ల తల్లి వెంట మందలో కలుస్తుంది.

నేను చూచిన తల్లి ఉదయం ఎండ రాకముందు ఒకసారి, సాయంకాలం పొద్దు వాలేవేళ ఒకసారి పేడదిబ్బ వెనుకనున్న పొడవైన గడ్డి వైపు వచ్చేది. నేరుగా వచ్చేది కాదు. చుట్టు తిరిగి, ఆగి, చూచి, మరల నడచి వచ్చేది. ఆ గడ్డిలో నుండి కొనదేలిన రెండు చెవులు లేచేవి. పాలు త్రాగడం కొద్ది నిమిషాల పని. ఆ తరువాత చెవులు మాయమయ్యేవి, తల్లి వెళ్ళిపోయేది. మిగిలిన పగలంతా ఆ బిడ్డ ఒంటరిది. చూచేవారికి అనాథ. నిజానికి అది తల్లి చూపు దాటని బిడ్డ.

ఈ పద్ధతి మన లేళ్ళకే పరిమితం కాదు. అమెరికాలో తెల్లతోక జింకలు ఊళ్ళ అంచుల ఇళ్ళ పెరళ్ళలో పిల్లలను దాచిపోతాయి. మే, జూన్ మాసాలలో అక్కడ స్థిరపడిన మన తెలుగు కుటుంబాలవారు కూడా పూలమొక్కల మధ్య చుక్కల పిల్లను చూచి ఆశ్చర్యపడుతూ ఉంటారు. దానిని తాకవద్దని అక్కడి వన్యప్రాణి శాఖలవారు ఏటేటా చెబుతారు. ఆపద దగ్గరపడినప్పుడు ఆ పిల్లల గుండె కొట్టుకొనే వేగం కూడా బాగా తగ్గుతుందని పరిశీలకులు కనుగొన్నారు. భయంతో మన గుండె దడదడలాడుతుంది. ఆ పిల్ల గుండె భయంలో అణగి ఉంటుంది. ఒక చిన్న భేదం గమనించదగినది. తెల్లతోక జింక పిల్లకు చుక్కలు పుట్టిన కొద్ది మాసాలలో పోతాయి. మన దుప్పికి జీవితాంతం ఉంటాయి. కృష్ణజింక పిల్లకు చుక్కలే ఉండవు.

జాలి చేసిన పొరపాటు

ఐదవనాడు మధ్యాహ్నం మామూ చిన్నకుమారుడు, పన్నెండేండ్లవాడు, రెండు చేతులలో ఏదో పొదివి పట్టుకొని పరుగున వచ్చాడు. మా ఇంటిలో మాట్లాడేది దక్కనీ ఉర్దూ. మాటలను తెలుగులో వ్రాస్తున్నాను.

"భాయ్‌జాన్, చూడండి! పొద్దుటి నుండి ఎండలో ఒక్కటే పడి ఉన్నది. తల్లి వదిలేసి పోయింది. కదలడం కూడా లేదు, పాపం."

వాని చేతులలో లేడిపిల్ల. కాళ్ళు దారపు పోగులవలె ఉన్నవి. కన్నులు మాత్రం పెద్దవి, నల్లవి. అరువదేండ్ల ఆడవారు నుండి ఆరేండ్ల పిల్లల వరకు చుట్టూ మూగారు. ఒకరు గిన్నెలో ఆవుపాలు తెచ్చారు. ఒకరు మెడకు కట్టడానికి ఎర్రదారం వెదుకుతున్నారు. నేను అన్నీ చదివినవాడనే అయినా, ఆ కన్నులను చూచి ఒక క్షణం ఏమీ అనలేకపోయాను. నిజం చెప్పవలెనంటే, దానిని పెంచుకొంటే ఎంత బాగుండునని నాకూ అనిపించింది.

లోపలి నుండి నానీమా వచ్చింది. గిన్నెను ప్రక్కకు నెట్టి, "బేటా, ఎక్కడి నుండి తెచ్చావో అక్కడే పడుకోబెట్టి రా. దాని అమ్మ పొద్దు వాలితే వచ్చి వెదుకుతుంది" అన్నది. వాడు ఏడుపు ముఖం పెడితే దగ్గర కూర్చోబెట్టుకొని సబుక్తగీన్ కథ చెప్పింది. మన ఉర్దూ విద్యార్థులు దీనిని ఎరుగుదురు. 977లో గజనీకి పాలకుడైన సబుక్తగీన్, తనకు ఏమీ లేని రోజులలో వేటకు పోయి ఒక లేడిపిల్లను పట్టి గుర్రం మీద వేసికొన్నాడట. వెనుదిరిగి చూస్తే తల్లి గుర్రం వెంట వస్తున్నది. మనసు కరగి పిల్లను విడిచిపెట్టాడు. తల్లి వెనుకకు చూస్తూ చూస్తూ పోయింది. ఆ దయకు ఫలంగా నీకు రాజ్యం లభించునని ఆ రాత్రి కలలో వినవచ్చిందని కథ. బైహకీ వ్రాసిన చరిత్రలో కూడా ఈ వృత్తాంతం ఉన్నది.

ఆ మాటలు వింటూ ఉండగా నాకు మన భాగవతంలోని భరతుని కథ జ్ఞప్తికి వచ్చింది. గంగన తెనిగించిన పంచమస్కంధంలోనిది అది. తల్లి మరణించగా నీటిలో కొట్టుకుపోతున్న లేడిపిల్లను భరతుడు రక్షించాడు. అది దయ. తరువాత దానిని విడువలేక, దాని తలపుతోనే ప్రాణం విడిచి, మరుజన్మలో లేడి అయి పుట్టాడు. అది మమకారం. ఒక కథలో తల్లి ఉన్న బిడ్డ, మరొక కథలో తల్లి లేని బిడ్డ. మొదటిదానిని విడిచిపెట్టడమే దయ; రెండవదానిని ఆదుకొనడం దయ. అయితే రెండింటినీ వేరుచేసి చూచే జ్ఞానం ముందుగా కావలెను. ఎడారి చరిత్రకారుడూ, తెలుగు కవీ ఒకే ప్రాణిని అడ్డం పెట్టుకొని ఒకే విషయాన్ని రెండువైపుల నుండి చెప్పినట్లు నాకు తోచింది.

నేనూ, ఆ అబ్బాయీ వెళ్ళి పిల్లను అదే గడ్డిలో, అదే పల్లంలో ఉంచి వెంటనే తిరిగి వచ్చాము. మనిషి చేయి తగిలితే తల్లి బిడ్డను దగ్గరకు రానీయదని చాలామంది అంటారు. ఆ మాటను నమ్మి, ఒకసారి తాకిన పిల్లను తిరిగి పెట్టడం మానివేసేవారున్నారు. సాధారణంగా తల్లి అట్లా విడిచిపెట్టదు. తల్లిని రానీయకుండా చేసేది మనం అక్కడే నిలబడి చూస్తూ ఉండడం. అందుచేత పెరటి తలుపు మూసి, కుక్కలను కట్టివేయించి, మిద్దె మీదికి ఎక్కాము. అస్ర్ దాటింది, తల్లి రాలేదు. అబ్బాయి నా వైపు చూడడం మానివేశాడు. పొద్దు తుమ్మచెట్ల వెనుకకు దిగేవేళ, ఎప్పటివలెనే చుట్టు తిరిగి, ఆగి, చూచి, ఆ తల్లి వచ్చింది. గడ్డిలో నుండి రెండు చెవులు లేచాయి. వాడు కేక వేయబోయి రెండు చేతులతో నోరు మూసికొన్నాడు.

ఆవుపాలు పట్టి పెంచితే ఏమయ్యేదని మీరు అడుగవచ్చు. చాలావరకు ఆ పాలు వాటి కడుపుకు పడక, విరేచనాలు పట్టి మరణిస్తాయి. బ్రతికినవి కుక్కకూ, మనిషికీ భయపడడం మరచిపోతాయి. మరల మందలో కలువలేవు. మగదైతే పెద్దయిన తరువాత పెంచినవారినే కొమ్ములతో పొడవవచ్చును. ఇవి కాక చట్టం ఉన్నది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో కృష్ణజింక మొదటి షెడ్యూలులోనిది. ఆ చట్టం దృష్టిలో చంపడమే కాదు, పట్టుకొనడం కూడా వేటయే. శిక్ష 3 సంవత్సరాలకు తగ్గకుండా 7 సంవత్సరాల వరకు కారాగారం. 2022 సవరణ తరువాత జరిమానా 25,000 రూపాయలకు తక్కువ కాదు. నిజంగా తల్లి చనిపోయిన పిల్లగాని, గాయపడిన పిల్లగాని కనబడితే అటవీశాఖవారికి తెలియజేయడమే తగిన మార్గం.

చేను మేసే అందం

వ్యాసం ఇక్కడితో ముగిస్తే మనసుకు హాయిగా ఉంటుంది. కాని అది సగం సత్యమే అవుతుంది. జూలైలో నేను మరల ఆ పల్లెకు వెళ్ళాను. తొలకరి వానలకు మామూ పత్తి, కంది విత్తారు. మొలకలు రెండాకులు వేసిన నాటి రాత్రి మంద వచ్చి పడింది. తెల్లవారి నేను వెళ్ళేసరికి ఎకరానికి పైగా చేను గొరిగినట్లు ఉన్నది. మొలక నోటికి పోయినది కొంత, డెక్కల క్రింద నలిగినది కొంత. మరల విత్తనం కొనవలెను, మరల కూలీలను పిలువవలెను, పదును తప్పకముందే విత్తవలెను. నష్టపరిహారానికి పోయినేడు అర్జీ పెట్టుకొని తిరిగిన చెప్పులే అరిగాయని ఆయన నవ్వుతూ అన్నారు. ఆ నవ్వులో సంతోషం లేదు.

గట్టు మీద కూర్చొని దూరాన మేస్తున్న మందను చూపించి, "అదుగో, ఆ చిన్నది చూడు. నువ్వు మార్చిలో తిరిగి పెట్టిన పిల్లయే కాబోలు. ఇప్పుడు నా కంది మేస్తున్నది" అన్నారు. నాకు మాట రాలేదు. కొంతసేపటికి ఆయనే, "తప్పు దానిదీ కాదులే. గడ్డి ఉన్న బీళ్ళన్నీ మనమే దున్నుకొంటిమి. అది ఎక్కడికి పోవలె?" అన్నారు.

ఆ ప్రశ్నలోనే కారణం ఉన్నది. కృష్ణజింక దట్టమైన అడవి జంతువు కాదు. బయలు మైదానాల గడ్డి దాని ఆహారం. మనం పనికిరాని బీడు అని పిలిచే నేలయే దానికి ఇల్లు. ఆ బీళ్ళు చేలయ్యాయి, ప్లాట్లయ్యాయి. మరొక వైపు దానిని అదుపులో ఉంచిన మృగాలు పోయాయి. మొగలు ప్రభువులు వేటలో లేళ్ళ మీదికి వదిలిన చీతా మన దేశంలో 1947లో చివరిగా వేటాడబడి, 1952లో అంతరించినట్లు ప్రకటింపబడింది. 2022లో నమీబియా నుండి చీతాలను కూనోకు తెచ్చారు. కాని మన రేగడి చేలకు అది దూరపు సంగతి. తోడేళ్ళు అరుదయ్యాయి. వాటి స్థానంలో ఊరకుక్కలు వచ్చాయి. అవి పెద్దవాటిని అంతగా పట్టలేవు. దాగిన పిల్లలను మాత్రం చీల్చివేస్తాయి.

రైతును మరచి జంతువును రక్షింపబూనితే ఏమగునో రోళ్ళపాడు చెబుతుంది. ఇప్పటి నంద్యాల జిల్లాలోని ఆ అభయారణ్యం 1988లో బట్టమేక పిట్ట కోసం ఏర్పడింది. దాని వైశాల్యం ఆరు చదరపు కిలోమీటర్లకు కొంచెం ఎక్కువ. రక్షణ దొరకగానే అక్కడ కృష్ణజింకలు పెరిగాయి. చుట్టుప్రక్కల చేల మీద పడ్డాయి. రైతులకు అభయారణ్యం మీదనే విముఖత కలిగింది. ఎవరి కోసం ఆ నేలను కేటాయించారో ఆ పిట్ట, ఇది కాక ఇతర కారణాల వలన కూడా, క్రమంగా అక్కడ కనుమరుగవుతూ వచ్చింది. కనుక పరిహారం సకాలంలో అందడం, గడ్డినేలలను దున్నకుండా కొంత మిగల్చడం, రైతుకు కంచె వేసికొనడానికి సాయపడడం – ఇవి జింకల మీది దయకంటె వేరైన పనులు కావు. ఆ దయలో భాగాలే.

చూడడం కూడా ఒక చదువు

చక్రవర్తి జహాంగీరు మంచి వేటకాడు. అయినా తనకు ప్రియమైన ఒక లేడి మరణిస్తే లాహోరు సమీపాన షేఖుపురాలో స్మారకంగా మీనారు కట్టించాడు. దానిని హిరన్ మీనార్ అంటారు. కొంగజాతికి చెందిన సారస పక్షుల జంట గుడ్లు పెట్టి పొదిగిన తీరును దినదినమూ గమనించి తన స్వీయచరిత్రలో వ్రాసికొన్నాడు. సామ్రాజ్యం ఏలేవానికి పక్షిగూడు దగ్గర నిలబడే తీరిక దొరికినప్పుడు మనకు దొరకకపోవడం ఏమిటి?

విద్యార్థి మిత్రులారా! మీలో చాలామంది పల్లెల నుండి వచ్చినవారు. సెలవులలో ఇంటికి వెళ్ళినప్పుడు మీ పెరటి కంచె దగ్గర తెల్లవారకముందు ఒక గంట కూర్చొనండి. ముదురు రంగు బట్టలు కట్టుకొని, గాలి మీ వైపు వీచే చోట కదలక ఉండండి. తేదీ, వేళ, మందలోని సంఖ్య ఒక నోటుపుస్తకంలో వ్రాసికొనండి. పిల్ల ఒంటరిగా పడి ఉంటే దగ్గరకు పోకండి, కుక్కను కట్టివేయండి, ఫోటో కోసం గడ్డిని విడదీయకండి. మీ నాన్నగారి చేను నష్టపోతే ఆ అర్జీని శుద్ధంగా వ్రాసిపెట్టండి. ఆ నోటుపుస్తకం అప్పుడు సాక్ష్యంగా కూడా పనికివస్తుంది. ఈ పనికి దుర్భిణీ ఉంటే మంచిదే. ఓపిక మాత్రం తప్పనిసరి. మన కళాశాల కార్యవర్గంవారు ఏటికి ఒకసారి విద్యార్థులను హరిణ వనస్థలికి తీసికొనిపోయే ఏర్పాటు చేస్తే ఉర్దూ, తెలుగు, జంతుశాస్త్ర శాఖలు మూడూ కలిసి ఒకే పాఠం చెప్పగలవని సవినయంగా మనవి చేస్తున్నాను.

తిరిగి వచ్చిన తరువాత ఆ వెనుక వరుస విద్యార్థిని పిలిచి అతని ప్రశ్నకు జవాబు చెప్పాను. అతడు విని, "సార్, ఆ పిల్ల బ్రతికిందా?" అని అడిగాడు. మా మామూ చేను మేస్తున్నదని చెప్పాను. అతడు నవ్వాడు, తరువాత ఏదో ఆలోచించి ఊరకున్నాడు. అతడు రైతు కుమారుడు.